ఒత్తు పోని నకలు

నకలు, నకిలీ అనే రెండు మాటలూ అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చినవే. పుట్టుక ఒక్కటే అయినా వ్యవహారంలో వీటి మర్యాదలు వేరు. పహాణీ నకలు అంటే కచేరీలో ముద్ర వేయించుకొని భద్రంగా ఇంటికి తెచ్చుకొనేది. నకిలీ విత్తనం అంటే రైతును నిలువునా ముంచేది. మూలంలో ఉన్నది ఉన్నట్లు దించితే నకలు. దించడంలో ఏదో ఒకటి జారిపోయి, జారినట్లు ఎవరికీ తెలియకుండా చెలామణి అయితే అది నకిలీ. గత ఏడాదిగా నేనొక సెల్‌ఫోను యాప్ తయారీలో పాలుపంచుకొంటున్నాను. ఆ పనిలో నా వంతు ఈ రెండింటి నడుమ గీత గీయడమే.

తెలుగు పండితుడికి ప్రోగ్రామింగుతో ఏమి పని అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. అయితే లేఖినిలో మొదటి వాక్యం కొట్టి, తెర మీద తెలుగు కనబడగానే పొంగిపోయిన తరం మనది. కాబట్టి ఈ ముచ్చట మీకు విసుగు కలిగించదనే నమ్మకంతో వ్రాస్తున్నాను.

నాతోపాటు ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల బడులలో పనిచేసిన మిత్రులొకరు ఉండేవారు. ఆయన చెప్పేది గణితం, ప్రాణమేమో పల్లె పలుకుల మీద. బదిలీ అయిన ప్రతి ఊరికీ ఆయనకొక కొత్త నోటుపుస్తకం ఉండేది. మోట కొట్టినవారి మాటలు, కుమ్మరి వాము దగ్గరి మాటలు, నాట్లు వేసే ఆడవాళ్ళ మాటలు, ఉట్నూరు వైపు గోండు గూడేలలో విన్న మాటలు అన్నీ వాటిలోకి ఎక్కాయి. దూప, తొవ్వ, పైలం, యాష్ట, అంబటాళ్ళ వంటివి మా ప్రాంతంవారికి ఇప్పటికీ తెలిసినవే. ఆ పనిముట్లతోపాటే మరుగున పడినవి వాటికంటె ఎన్నో ఎక్కువ. మాట, దాని అర్థం, విన్న ఊరు, చెప్పినవారి వయసు, ఈ నాలుగూ లేకుండా ఆయన ఒక్క పద్దు వ్రాయలేదు. అట్లా పదకొండు పుస్తకాలు, మూడు వేల పైచిలుకు మాటలు పోగుపడ్డాయి.

2000 తరువాతి తొలి సంవత్సరాలలో వాటినన్నింటినీ ఒక డి.టి.పి. దుకాణంలో టైపు చేయించారు. పుస్తకం మాత్రం అచ్చు కాలేదు. ఆయన పోయి నాలుగేండ్లయింది. కిందటేడు వెళ్ళినప్పుడు వదినె ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతికిచ్చి, "గిండ్ల ఏమున్నదో నాకు తెల్వది తమ్మీ. ఆయన పానమంత గీ డబ్బలనే ఉండె" అన్నది. అందులో ఒక సీడీ, తొమ్మిది నోటుపుస్తకాలు ఉన్నాయి. తక్కిన రెండూ చెమ్మకు ముద్దయిపోతే పారవేయవలసి వచ్చిందట.

సీడీలోని దస్త్రం తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. ఆ కాలపు ఖతుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వాటిలో కంప్యూటరుకు తెలిసింది తెలుగు 'క' కాదు. ఇంగ్లీషు అక్షరం ఒకదానికి కేటాయించిన స్థానంలో తెలుగు బొమ్మ ఒకటి ఉంటుంది, అంతే. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, ఒత్తు ఒక బొమ్మ. ఆ ఖతి ఉన్నంతసేపు అది తెలుగు. ఖతి లేని చోట అతికిస్తే పిచ్చిగీతలు. రూపం ఉంది గాని లోపల అక్షరం లేదు. పద్మ వంటి ఉపకరణాలు అటువంటి ఎన్నో ఖతులను యూనికోడులోకి మార్చి మనకెంత ఉపకారం చేశాయో మరువలేం. దురదృష్టవశాత్తు మా మిత్రుని దస్త్రంలోని ఖతి మాకు దొరికిన పట్టికలలో దేనికీ పూర్తిగా సరిపోలేదు.

ఈ పనిని తలకెత్తుకొన్నవాడు నా పూర్వ విద్యార్థి. జగిత్యాల దగ్గరి పల్లెవాడు, హైదరాబాదులో ప్రోగ్రాములు వ్రాస్తాడు. నోటుపుస్తకాలను, దస్త్రాన్ని పక్కపక్కన పెట్టుకొని ఏ గుర్తు ఏ బొమ్మకు చెల్లుతుందో పట్టిక తయారు చేశాడు. మొదటి విడత మార్పిడి నాకు పంపితే చదువుతూ ఒక చోట ఆగాను. "గుమి: వడ్లు పోసుకొనే పెద్ద బుట్ట" అని ఉంది. వడ్లు పోసేది గుమ్మి. గుమి అంటే గుంపు. పట్టికలో మ-ఒత్తు గుర్తు లేక అది రాలిపోయింది. చిత్రమేమిటంటే గుమి కూడా తెలుగు మాటే. నిఘంటువులో ఉంది. అక్షరదోషాలు పట్టే యంత్రమేదీ దానిని పట్టలేదు. అర్థం తెలిసినవాడు చదివితే తప్ప ఆ తప్పు బయటపడదు. తక్కిన ఒత్తుల సంగతి ఏమిటని నా గుండె జారింది. నెలన్నర కూర్చుని చేతిలో ఉన్న తొమ్మిది నోటుపుస్తకాలతో మాటలను సరిచూశాను.

తరువాత యాప్ పని మొదలయింది. ఫోనులో మాట వెదకి, అర్థం చదివి, కావలసిన మేరకు నకలు తీసి మరొక చోట అతికించుకొనే వీలుండాలి. "గంతే సార్, రెండు దినాల పని" అన్నాడు మావాడు. అది రెండు నెలలు పట్టింది.

కత్తిరించు, నకలు తీయి, అతికించు అనే పద్ధతిని కంప్యూటరులో నిలబెట్టినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. 1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో పనిచేశాడు, 2020లో మరణించాడు. పత్రికా కార్యాలయాలలో కత్తెరతో కాగితాన్ని కోసి జిగురుతో అంటించే పనినుండే ఆ పేర్లు వచ్చాయి. సదుపాయం అంత పాతదయినా ఐఫోనుకు మాత్రం 2009లో గాని అది రాలేదు. ఫోనులో దీని పని తీరు మన బడి పలక వంటిది. నకలు తీసినది క్లిప్‌బోర్డు అనే పలక మీదికి ఎక్కుతుంది. మరొకటి తీస్తే పాతది చెరిగిపోతుంది. ఇదివరకు ఆ పలకను ఏ యాప్ అయినా తొంగిచూడగలిగేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 తెర వెనుక నడిచే యాపులకు ఆ చూపును కట్టివేసింది. 2020లో ఐఓఎస్ 14, ఎవరయినా చూస్తే ఆ సంగతి తెర మీద తెలిపే ఏర్పాటు చేసింది. మా యాప్ మాత్రం, వాడేవారు అతికించమని మీట నొక్కితే తప్ప పలక వైపు చూడదు.

పలక మీదికి ఎక్కించడం ఒక్క వరుస ప్రోగ్రామే. ఎక్కడినుండి ఎక్కడిదాకా ఎక్కించాలన్నదే చిక్కు. ఒకనాడు మావాడు ఫోను చేసి, "సార్, యాష్టల ట పోయింది" అన్నాడు. వేలితో ఒత్తిపట్టి మాటను ఎంచుకొంటుంటే ఎంపిక గీత ష-కార పొల్లు తరువాత ఆగుతున్నదట. అతికిస్తే 'యాష్' అని వస్తున్నది. ఎందుకిట్లా? యూనికోడులో 'యాష్ట' అంటే అయిదు గుర్తులు: య, దీర్ఘం, ష, పొల్లు, ట. 'స్త్రీ' అంటే ఆరు. నిల్వ చేసేటప్పుడు ఆ ఒక్క అక్షరానికి పద్దెనిమిది బైట్లు. యంత్రం గుర్తులను లెక్కపెడుతుంది గాని అక్షరాలను కాదు.

"మరి అక్షరమంటే ఏంది సార్? గది చెప్తే నేను రాసుకుంట" అన్నాడు. నలభై ఏండ్లు పాఠాలు చెప్పినా ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఛందస్సు చెప్పేటప్పుడు ఆరవ తరగతి పిల్లవాడికి మనమేమి నేర్పుతాం? ఒత్తులెన్ని ఉన్నా, చివరి అచ్చుతో కలిపి ఒక్క అక్షరమే. 'స్త్రీ' ఒక్క గురువు. 'యాష్ట' రెండక్షరాలు, 'అంబటాళ్ళ' నాలుగు. దానినే ప్రోగ్రాముకు అనువుగా చెప్పాను: హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే వాటి నడుమ కత్తి పెట్టరాదు. గుణింతపు గుర్తును, సున్నను, విసర్గను ముందున్న హల్లునుండి విడదీయరాదు.

ఆ తరువాత తెలిసిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. యూనికోడు ప్రమాణంలో అక్షరపు హద్దులను నిర్ణయించే నియమాలు వేరుగా ఉన్నాయి. వాటి ప్రకారం చాలా కాలం 'స్త్రీ' మూడు ముక్కలు: స్, త్, రీ. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 సంచికలో దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులతోపాటు తెలుగుకూ కొత్త నియమం చేరి, ఆ మూడూ ఒక్కటయ్యాయి. అంటే లఘుగురువులు లెక్కించినవారి అక్షరానికీ యంత్రపు అక్షరానికీ 2023లోనే పొత్తు కుదిరిందన్నమాట. పాత ఫోన్లలో పాత లెక్క మిగిలి ఉండవచ్చు గనుక మావాడు నియమాన్ని యాపులోనే వ్రాసుకొన్నాడు. పూర్తి పొత్తు మాత్రం కాదు. ఛందస్సులో పదం చివరి పొల్లు ముందరి అక్షరంలో కలిసి దానిని గురువు చేస్తుంది. యంత్రానికి ఆ పొల్లు వేరే అక్షరమే. ఎంచుకొనే పనికి దానివలన నష్టమేమీ లేదు కాబట్టి నేను పట్టుబట్టలేదు.

చెరిపే పనికి మాత్రం వేరే న్యాయం. వెనుకకు చెరిపే మీట ఒకసారి నొక్కితే గుడి పోవాలి, మరొకసారి నొక్కితే ఒత్తు. పలక మీద పిల్లవాడు గుణింతాన్ని మాత్రమే తుడిచి దిద్దుకొన్నట్లు. చెరిపేది ముక్కలుగా, నకలు తీసేది నిండుగా. ఈ భేదం మావాడికి నచ్చింది.

అతికించే వైపు మరి రెండు గండాలు. మొదటిది ఐత్వం. 'పైలం'లోని ఐత్వాన్ని ఒక్క గుర్తుగానూ వ్రాయవచ్చు, ఎత్వం కింద మరొక గుర్తు చేర్చీ వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. యంత్రం మాత్రం ఒక దానిని వెదికితే రెండవ దానిని చూపదు. యూనికోడు ఈ రెండూ సమానమని శాసించింది గనుక, బయటినుండి వచ్చిన పాఠాన్ని లోపలికి తీసుకొనేటప్పుడే ఒక్క రూపానికి మార్చుకోవాలి.

రెండవది కంటికి కనబడని గుర్తు. 'కంప్యూటర్‌లో' అని వ్రాస్తే ర-కార పొల్లు పొల్లుగానే నిలవడానికి దాని తరువాత ఒక అదృశ్యమైన అడ్డుగోడ ఉంటుంది. అది పోతే 'కంప్యూటర్లో' అవుతుంది. ప్రోగ్రాములు వ్రాసేవారికి అతికించిన పాఠంలోని కనబడని గుర్తులన్నింటినీ చెత్తగా భావించి ఊడ్చివేసే అలవాటుంది. మా యాపులో ఆ ఊడ్పును ఆపించాను. కనబడనిదల్లా చెత్త కాదు. అరసున్న పలకకపోయినా పద్యంలో దాని పని దానికి ఉన్నట్లే.

ఈ అడ్డుగోడ ప్రపంచాన్ని గడగడలాడించిన సందర్భం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం అందితే ఐఫోన్లలో సందేశాల యాపులు కుప్పకూలాయి. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానానికి మొదటి అక్షరం! మనం మామూలుగా వ్రాసేది కాదు, ఞ-కారానికీ దీర్ఘానికీ నడుమ ఆ అదృశ్యపు గుర్తు చేరిన రూపం. ఆకతాయిలు దానిని నకలు తీసి ఊరంతా అతికించారు. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దానిని సరిదిద్దింది. పత్రికలు 'తెలుగు అక్షరం ఫోనును చంపింది' అన్న ధోరణిలో వ్రాసుకొన్నాయి. అక్షరం చేసిన నేరమేమీ లేదు. అక్షరాన్ని లెక్కపెట్టడం రాని ప్రోగ్రాముదే అది.

మా మిత్రుని పుస్తకాలలో గోండీ మాటలు తెలుగు లిపిలో వ్రాసి ఉన్నాయి. అవి చెప్పినవారిలో ఒకాయన ఉట్నూరు వైపు ఉపాధ్యాయుడు. నమూనా యాప్ చూపితే ఆయన అడిగినది ఒక్కటే: "సార్, మా అక్షరాలు గూడ గిట్ల పట్టుకొని ఇంకోకాడ పెట్టొస్తదా?"

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో గోండీ భాషకు సొంత లిపి ఉన్న వ్రాతప్రతులు సుమారు పన్నెండు దొరికాయి. వాటిని లోకానికి తెలిపిన పరిశోధక బృందానికి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు నాయకత్వం వహించారు. అన్షుమన్ పాండే ప్రతిపాదనతో 2018 జూన్‌లో యూనికోడు 11.0లో గుంజాల గోండి పేరుతో ఆ లిపికి స్థానం దక్కింది. అంతకు ముందరి ఏడు, 1918లో మున్షీ మంగల్ సింగ్ మసారామ్ రూపొందించిన మరొక గోండీ లిపి చేరింది. అంటే 2018 వరకు గుంజాల అక్షరాన్ని బొమ్మగా పంపడమే గాని అక్షరంగా నకలు తీయడానికి ప్రపంచంలో ఏ కంప్యూటరులోనూ ప్రమాణమైన దారి లేదు.

ఆయన ప్రశ్నకు జవాబు చెప్పబోతే యాప్ తడబడింది. తెలుగు అక్షరాల స్థానాలు యూనికోడులోని మొదటి అంతస్తులో ఉన్నాయి. గుంజాల గోండివి పై అంతస్తులో. జావా, డార్ట్ వంటి భాషలు పాఠాన్ని పదహారు బిట్ల ముక్కలుగా లెక్కిస్తాయి. తెలుగు గుర్తు ఒక్క ముక్క, గుంజాల గుర్తు రెండు ముక్కలు. నడుమ తెగితే సగం గుర్తు మిగులుతుంది. సగం గుర్తుకు ఏ అర్థమూ లేదు. మావాడు రెండు రాత్రులు కూర్చుని దానిని సరిచేశాడు. ఇప్పుడు నకలు నిండుగా వస్తున్నది. ఆ ఖతి లేని ఫోనులో అతికిస్తే ఖాళీ డబ్బాలే కనబడతాయి, నిజమే. కానీ లోపల అక్షరం క్షేమంగా ఉంటుంది. ఖతి చేరిన నాడు కనబడుతుంది. పాత డి.టి.పి. దస్త్రానికి ఇది సరిగ్గా తలక్రిందులు. అక్కడ రూపం ఉండి అక్షరం లేదు. ఇక్కడ రూపం రాకపోయినా అక్షరం ఉంది.

చివరకు వచ్చిన తగవు సాంకేతికం కాదు. "సార్, కాపీ బంద్ పెడ్దామా? ఎవడో ఎత్కపోయి వాని పేరు పెట్టుకుంటడు" అన్నాడు మావాడు. వాని భయం ఉత్తది కాదు. వాట్సాపులో తిరిగే పద్యాలకు కవి పేరు తెగిపోవడం రోజూ చూస్తున్నదే. అయినా నేను ఒప్పుకోలేదు. తాటాకుల కాలంలో నకలు తీయనివ్వని గ్రంథం చెదల పాలయింది. పదిమంది వ్రాసుకొన్నదే మనదాకా వచ్చింది. మా మిత్రుని మాటలను ఇరవై ఏండ్లు బంధించినది దొంగలు కాదు, నకలుకు లొంగని ఆ ఖతి. మళ్ళీ తాళం వేయడమెందుకు?

పేరు నిలిచే ఉపాయం పూర్వులకు తెలుసు. ప్రబంధాలలో ప్రతి ఆశ్వాసం చివర కవి తన తండ్రి పేరు, తన పేరు, గ్రంథం పేరు ఒక గద్యంలో కూర్చి పెట్టేవాడు. ఏ ఒక్క ఆశ్వాసం విడిగా దొరికినా కర్త ఎవరో తెలుస్తుంది. మా కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద, 10వ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉంది. తెలుగు భాగం కంద పద్యాలు. కన్నడ ఆదికవి పంపడు తన అన్న అని తెలిపే వంశవృత్తాంతం ఆ రాతిలోనే ఉంది. తడి కాగితం అద్ది, కుంచెతో కొట్టి, సిరా పూసి ఎన్ని అచ్చులు తీసినా ప్రతి అచ్చులోనూ పాఠంతోపాటు ఆ పేర్లూ వస్తాయి. పేరు పాఠంలో భాగమయితే ఎవరూ తెంపనక్కరలేదు, కాపలా కాయనక్కరలేదు.

అందుకని ప్రతి పద్దు కింద ఒక మీట పెట్టించాను. అది నొక్కితే మాట, అర్థం, విన్న ఊరు, సేకరించినవారి పేరు నాలుగూ కలిసి పలక మీదికి ఎక్కుతాయి. "చేత్తోని సెలెక్ట్ చేసినా పేరు అతికిద్దాం సార్" అన్నాడు మావాడు. అది వద్దన్నాను. వేలితో ఎంచుకొన్నవారు ఎంత అడిగారో అంతే ఇవ్వాలి. అడగనిది జొప్పిస్తే అదీ పాఠభంగమే. పేరు కావలసినవారికి దారి సులువుగా ఉంటే చాలు. మెజారిటీ జనం సులువైన దారినే పోతారు.

వదినె ఫోనులో యాప్ పెట్టి చూపితే, ఆమె తన పుట్టినూరి పేరున్న పద్దులన్నీ వెదికించుకొని, వాటిలో ఒకటి నకలు తీయించి, తన అక్కకు పంపించుకొన్నది. మాట చివర భర్త పేరు చూసి ఏమీ అనలేదు. ఫోను చాలాసేపు చేతిలోనే పట్టుకొన్నది.

ఇక మిగిలినది ఒక బాకీ. చెమ్మకు పోయిన రెండు పుస్తకాల మాటలకు దస్త్రం తప్ప వేరే ఆధారం లేదు. వాటిలో అరవై రెండు చోట్ల ఒత్తు ఉండవలసిన స్థానంలో మా పట్టికకు అందని గుర్తులున్నాయి. ఏ ఒత్తో తెలియదు. మోట తొండానికి కట్టే తాడు పేరు ఒకటి, ఇప్ప పువ్వు ఎండబోసే చాప పేరు ఒకటి, పొద్దు వాలే ముందరి ఒక వేళ పేరు ఒకటి. అర్థం నిండుగా ఉంది, మాటే విరిగింది. ఊహించి ఒత్తు పెట్టడం నాకు చేతకాని పనేమీ కాదు. అట్లా పెడితే మాత్రం అది నకలు కాదు. కాబట్టి ఆ చోట్ల ఖాళీ గడి ఉంచి, మిత్రుని అర్థాన్ని ఉన్నది ఉన్నట్లు ముద్రించాం. మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, పెద్దపల్లి వైపు ఇంట్లో ఎనభై దాటిన పెద్దలున్నవారు ఆ అర్థాలను ఒకసారి వారికి చదివి వినిపించి, వారి నోట ఏ మాట వస్తే అది వ్రాసి పంపండి. ఊరి పేరు, చెప్పినవారి పేరు తప్పక చేర్చండి. మీటలో వాటికీ చోటుంచాం.